ఇంజనీరింగ్ డ్రాయింగ్ నాకు ఎలా తలకెక్కిందంటే

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. ఈ మూడింటితో ఎలాగో నెట్టుకొస్తుంటే డిప్లొమా మొదటి ఏడాదిలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ వచ్చిపడింది. బొమ్మలు బాగా వేసేవాళ్లకు ఇది సులువని అందరూ అనుకుంటారు. మా బ్యాచ్‌లో వినాయకుణ్ణి రెండు నిమిషాల్లో వేసేసే కుర్రాడే మొదట్లో అందరికన్నా ఎక్కువ అవస్థ పడ్డాడు. అలవాటు కొద్దీ నీడలు దిద్దేస్తాడు మరి.

ఇక్కడ అందంతో పనిలేదు, ఒక్కో గీతకు ఒక్కో అర్థం. కంటికి కనిపించే అంచుకు ముదురు గీత. వెనక దాగిన అంచుకు ముక్కలు ముక్కలుగా గీత. రంధ్రాల, గుండ్రటి భాగాల నడిమికి పొడుగు ముక్క, పొట్టి ముక్క మార్చి మార్చి వచ్చే సన్నటి సెంటర్ లైన్. కొలతలు మిల్లీమీటర్లలో ఇస్తారు, అంకె పక్కన ఎంఎం అని ప్రతిచోటా రాయరు. మన దేశంలో విద్యార్థుల కోసం ఈ పద్ధతులన్నీ బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వాళ్ల ఎస్‌పీ 46 అనే పుస్తకంలో ఉన్నాయి. బట్టీ పట్టేశాను. మార్కులూ వచ్చాయి. కానీ ఇదంతా ఎవరి కోసమో మాత్రం బోధపడలేదు.

సెలవుల్లో మా చిన్నాన్న లేత్ షాపులో కూర్చునేవాణ్ణి. అక్కడి మేస్త్రిది పార్వతీపురం వైపు. ఇంగ్లీషు చదవలేడు, డ్రాయింగ్ మాత్రం పేపరు చదివినట్టు చదివేస్తాడు. ఒకరోజు ఒక కాంట్రాక్టరు ఎల్ ఆకారం బ్రాకెట్ డ్రాయింగ్ తెచ్చి ఇచ్చాడు. మేస్త్రి బొమ్మ జోలికి పోకుండా కింద కుడి మూలనున్న టైటిల్ బ్లాక్ మీద, అంటే షీటు వివరాలు రాసే గడి మీద, వేలు పెట్టాడు.

“ముందు ఇది చూడాల్రా బాబూ. ఏ యాంగిలో తెలీకుండా ఇనుము కొయ్యకూడదు.”

వస్తువును ఒక్కో వైపు నుంచి చూసి గీసిన బొమ్మను వ్యూ అంటారు, ఏ వ్యూ కాగితం మీద ఎక్కడ రావాలో చెప్పే పద్ధతే యాంగిల్. టైటిల్ బ్లాక్‌లో చిన్న శంఖువు బొమ్మ ఉంటుంది, కొస నరికేసినది. పక్కన ఒకదానిలో ఒకటి రెండు సున్నాలు. సన్న కొస వైపు నుంచి చూస్తేనే ఆ రెండూ కనిపిస్తాయి. సున్నాలను సన్న కొస వైపునే వేస్తే థర్డ్ యాంగిల్, వెడల్పు వైపున వేస్తే ఫస్ట్ యాంగిల్. మన కాలేజీల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్, అందులో టాప్ వ్యూ (పై నుంచి చూసినది) ఫ్రంట్ వ్యూకి (ఎదురుగా చూసినది) కింద వస్తుంది. అమెరికా వాళ్లు వాడేది థర్డ్ యాంగిల్, అందులో టాప్ వ్యూ పైన ఉంటుంది. ఆ షీటు థర్డ్ యాంగిల్‌ది.

ఏది కిందుంటే ఏంటి, చూస్తే తెలిసిపోదా అన్నాను. మేస్త్రి సుద్దముక్కతో నేల మీదే గీసి చూపించాడు. బ్రాకెట్ అడుగు పలకలో ముందు అంచుకు దగ్గరగా ఒక రంధ్రం ఉంది. పైన ఉన్న వ్యూని ఫస్ట్ యాంగిల్ అనుకుని చదివితే అది కింది నుంచి చూసిన బొమ్మ అవుతుంది, రంధ్రం వెనక అంచుకు వెళ్లిపోతుంది. రంధ్రం ఇటు నుంచి అటు దాకా ఉంది కాబట్టి పై నుంచి చూసినా కింది నుంచి చూసినా అదే సున్నా. ఆ రంధ్రాన్ని చూసి తేడా పట్టుకోలేం. కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి, తయారయ్యేది మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడిన ఎడమ చేతి బ్రాకెట్. మిషన్‌కి కావలసింది కుడి చేతిది. గీసినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో మాకు తెలీదు, అడగడానికి ఫోన్ నంబరూ లేదు. డ్రాయింగ్ ఎవరి కోసమో అప్పుడు బోధపడింది.

తర్వాత కొలతలు. రంధ్రం దూరాన్ని చిత్రిక పట్టిన అంచు నుంచి ఇవ్వాలని, ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి గొలుసులా ఇచ్చుకుంటూ పోతే ఒక్కో దాంట్లో ఉన్న కాస్త తేడా చివరికొచ్చేసరికి పోగవుతుందని మేస్త్రే చెప్పాడు. “నువ్వెక్కడి నుంచి ఇస్తే నాను అక్కడి నుంచే కొలుస్తాను” అన్నాడు. మా సిలబస్‌లో ఈ ముక్క ఒక లైనే ఉంది. దీర్ఘవృత్తం గీసే పద్ధతులకేమో పేజీలకు పేజీలు!

వస్తువును ఎదురుగా, పై నుంచి చూసి రెండు తలాల మీద దించే ఈ లెక్కకు శాస్త్రరూపం ఇచ్చింది 18వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్. కోటల నిర్మాణానికి పనికొచ్చేది కాబట్టి కొన్నాళ్లు దాన్ని సైనిక రహస్యంగా దాచారట. నాకైతే మొదట్లో ఆ తలాలు అసలు ఊహకే అందలేదు. బట్టల సబ్బును చాకుతో బ్రాకెట్ ఆకారంలో కోసి, ఒక కన్ను మూసి మూడు వైపుల నుంచీ చూస్తూ గీశాక దారిలో పడ్డాను. వ్యూలు రానివాళ్లకు నేను ఇదే చెబుతాను, సబ్బు ఎలాగూ పారేయక్కర్లేదు.

కంప్యూటర్లో డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్ ఉండగా చేత్తో ఎందుకని మావాళ్లు అంటుంటారు. గీత తిన్నగా రావడం వరకే అయితే నిజమే. ఏ వైపును ఫ్రంట్ వ్యూగా పెడితే దాగిన గీతలు తగ్గుతాయో మాత్రం మనమే తేల్చుకోవాలి.

ఇప్పుడు సెక్షన్లు నడుస్తున్నాయి. వస్తువును కోసినట్టు ఊహించి, కోత పడిన చోట 45 డిగ్రీల్లో సన్నటి గీతలు వేయాలి. షాఫ్టులు, బోల్టులు మాత్రం కోత వాటి పొడుగునా వెళ్లినా కోసినట్టు చూపరు. కోసినా లోపల చూడ్డానికేముంది, గట్టి ఇనుమే కదా.