అమ్మ రెండోసారి ఫోన్ చేస్తే

ఫిబ్రవరి మొదటి వారం, పొద్దున ఏడూ నలభై. బయట సన్నగా వాన, ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. సియాటెల్ పక్కన బాథెల్ అనే ఊళ్ళో, మా వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని హైదరాబాద్ టీమ్‌తో కాల్‌లో ఉన్నాను. ఒక పక్క పొయ్యి మీద పాలు. ఇంకో పక్క బడికి టైమవుతోందని బూట్లు వెతుక్కుంటున్న మా అబ్బాయి. సరిగ్గా అప్పుడే ఖమ్మం నుంచి అమ్మ ఫోన్. నాన్నకు బీపీ పెరిగిందట, డాక్టరు కొత్త మాత్ర రాశాడట, పాతది కూడా వేయాలా మానాలా అని. ఒక చెవిలో అమ్మ, ఇంకో చెవిలో టీమ్. అమ్మకు ఏదో చెబుతూనే, ముందే కాపీ చేసి పెట్టుకున్న కమాండ్‌ని పేస్ట్ చేసి ఎంటర్ కొట్టాను.

అది టెస్ట్ సర్వర్ కాదు.

రెండు విండోలూ అదే నలుపు, అవే తెల్ల అక్షరాలు. ఒకటి మేం ప్రయోగాలు చేసుకునేది, రెండోది కస్టమర్లకు బిల్లులు వెళ్ళే అసలుది. పాత పట్టికను ఖాళీ చేసే కమాండ్ పోయి అసలుదాంట్లో పడింది. బ్యాకప్ ఉంది కాబట్టి మధ్యాహ్నానికి అన్నీ వెనక్కి వచ్చాయి. ఆ నాలుగు గంటలూ నేను కుర్చీలోంచి లేవలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. పాలు పొంగిపోయాయి. వాటికి మాత్రం బ్యాకప్ లేదు.

మా మేనేజర్ మంచివాడు, అరవలేదు. "నువ్వు పని బాగా చేస్తావు. కానీ ఈ మధ్య ఏ పనిలో చూసినా సగమే కనిపిస్తున్నావు, మిగతా సగం ఎక్కడుంటోంది?" అని అడిగాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. మిగతా సగం పదమూడున్నర గంటలు ముందుంటుందని ఆయనకు ఎలా చెప్పను?

ఈ పడమటి తీరంలో ఉండేవాళ్ళకు ఇదొక తమాషా లెక్క. చలికాలంలో ఇక్కడ పొద్దున ఏడైతే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అమ్మావాళ్ళు భోంచేసి, సీరియల్ చూసి, మనతో మాట్లాడటానికి తీరిగ్గా కూర్చునే వేళ అది. మనకేమో రోజంతటిలో ఊపిరాడని వేళ. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. బ్యాంకులు, ఆసుపత్రులు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు, మా హైదరాబాద్ టీమ్, అన్నీ ఒకేసారి కళ్ళు తెరుస్తాయి. ఇండియా నిద్రపోయేది ఇక్కడి పగలు పదింటి నుంచి నాలుగింటి దాకా. మనసు పెట్టి పని చేసుకోవడానికి అంత మంచి టైం ఇంకోటి లేదు. కానీ ఆఫీసువాళ్ళు మీటింగులన్నీ తెచ్చి అక్కడే పెడతారు.

పైగా మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఇక్కడ గడియారాలు మారుస్తారు. ఇరవయ్యేళ్ళలో మా అమ్మ ఒప్పుకోని అమెరికా విషయం ఏదైనా ఉందంటే అదొక్కటే. "టైం ఎవరైనా మారుస్తారటే?" అంటుంది ఏటా రెండుసార్లు.

ఆ ఫిబ్రవరి సంఘటన తర్వాత, అందరూ చెప్పేవన్నీ చేశాను. ఫోన్‌లో నోటిఫికేషన్లు తీసేశాను. చుట్టూ శబ్దం వినపడని ఖరీదైన హెడ్‌ఫోన్లు కొన్నాను. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదువుకున్నాడు కదా, ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం. ఆ పద్ధతి పేరు పొమొడోరో, అంటే ఇటాలియన్‌లో టమాటానే. నేనూ ఒక ప్లాస్టిక్ టమాటా తెప్పించాను. మూడో రోజుకు అది మా అబ్బాయి బొమ్మల పెట్టెలో తేలింది.

ఫోన్‌ని సొరుగులో పెట్టి తాళం వేయడం అన్నిటికంటే ఘోరంగా పనిచేసింది. ఇక్కడ ఉండేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వేళ కాని వేళ ఇండియా నుంచి ఫోన్ వస్తుందేమోనన్న భయం మనకు ఎప్పుడూ ఉంటుంది. ఫోన్ ఎదురుగా ఉంటే ఒకసారి చూసి వదిలేస్తాం. సొరుగులో ఉంటే పది నిమిషాలకోసారి సొరుగు వైపు చూస్తాం. చేతులు కోడ్ రాస్తుంటాయి, చెవులు సొరుగు దగ్గరుంటాయి.

దానికి తోడు వీసా. ఉద్యోగం పోతే హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు. గ్రీన్‌కార్డు వరుసలో మా చోటు తేల్చే తేదీ, ప్రయారిటీ డేట్, 2014ది. ఆ వరుస ఎంతదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా వచ్చే రోజుల్లో, పరీక్ష ఫలితాలకు పేపర్లో నంబరు వెతుక్కున్నట్టు పేజీ మళ్ళీ మళ్ళీ తెరుస్తుంటాను. తేదీ నెల ముందుకు జరిగిందా, అక్కడే ఉందా, వెనక్కి పోయిందా? దీన్ని ఫోన్ వ్యసనం అనే సలహాదారులను చూస్తే నాకు కొంచెం ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో ఎవరికీ ఏ దేశంలో ఉండాలన్నది నెలనెలా తేలదు.

జూన్‌లో ఇక్కడి తెలుగువాళ్ళు ఒక హాల్లో అష్టావధానం పెట్టారు. నిజం చెప్పాలంటే పులిహోర కోసం, మా అబ్బాయి చెవిన నాలుగు తెలుగు ముక్కలు పడతాయని వెళ్ళాను. నాన్న తెలుగు మాస్టారు కావడంతో చిన్నప్పుడు ఖమ్మంలో ఒకటి రెండు అవధానాలకు తీసుకెళ్ళారు. తిరుపతి వెంకట కవుల కథలు చెప్పీ చెప్పీ నిద్రపుచ్చేవారు. అప్పుడు నాకు అర్థమైంది గంట శబ్దం ఒక్కటే.

ఈసారి వేరేగా చూశాను. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్ళు. ఒకాయన నిషిద్ధాక్షరి, అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఏ అక్షరం వాడకూడదో అడ్డు చెబుతుంటాడు. ఒకావిడ సమస్య ఇచ్చింది, అంటే పద్యంలో ఆఖరి పాదం తనిచ్చి మిగతాది పూరించమంది. ఇంకొకాయన నాలుగు మాటలిచ్చి, అవి వచ్చేలా పద్యం చెప్పమని దత్తపది అడిగాడు. ఒకరు మధ్యమధ్యలో గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు కొట్టారో చివర్లో చెప్పాలి. వీళ్ళందరినీ మించి అప్రస్తుత ప్రసంగి. మనిషి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని! లోకంలో ఇంకే విద్యకైనా అంతరాయాన్ని వేదిక మీద కుర్చీ వేసి, శాలువా కప్పి కూర్చోబెడతారా?

అవధాని సమస్యలో మూడో పాదం కోసం కళ్ళు మూసుకోగానే ఆయన అందుకున్నాడు. "అవధాని గారూ, ఈ సియాటెల్‌లో వాన ఎప్పుడు ఆగుతుందండీ?"

"తమరు మాట్లాడటం ఆపగానే," అన్నాడు అవధాని. హాలంతా నవ్వు. ఆ నవ్వు చల్లారకముందే మూడో పాదం వచ్చేసింది.

అక్కడ నేను గమనించింది జ్ఞాపకశక్తి కాదు. అది మనవల్ల కాదు, వదిలేద్దాం. గమనించింది రెండు సంగతులు. ఒకటి, ఆయన అప్రస్తుత ప్రసంగిని వినపడనట్టు ఊరుకోలేదు. సొరుగులో పెట్టి తాళం వేయలేదు. ఒక్క వాక్యంలో జవాబు చెప్పి పంపించేశాడు. రెండు, ఒక పృచ్ఛకుడి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్ళేటప్పుడు పాదం పూర్తి చేసి వెళ్తున్నాడు. మొదటి ఆవృత్తంలో, అంటే మొదటి విడతలో, అందరికీ తలా ఒక పాదం, రెండో ఆవృత్తంలో రెండో పాదం. ఎక్కడ ఆపాడో ఆయనకు తెలుసు, కాగితం పట్టుకున్న పృచ్ఛకుడికీ తెలుసు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెబితే పెద్దగా నవ్వారు. "మరి? గణం మధ్యలో లేచిపోతే మళ్ళీ వచ్చి ఏం పట్టుకుంటాడమ్మా?" అన్నారు. గణమంటే పాదంలో ఒక ముక్క.

నేను చేసేది సరిగ్గా అదే. గణం మధ్యలో లేచిపోవడం.

తర్వాత తెలిసిన సంగతి ఇంకోటి. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక పత్రం రాసింది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే మన ధ్యాసలో కొంత పాత పనికే అంటుకుని ఉండిపోతుందని. గిన్నె అడుగున మాడిన పాలలాగా అన్నమాట (ఈ పోలిక ఆవిడది కాదు, నాది). 2018లో తెరెసా గ్లోంబ్‌తో కలిసి రాసిన పత్రంలో దానికి ఒక ఉపాయం ఉంది. లేచి వెళ్ళేముందు ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక ఏం చేయాలో ఒక్క నిమిషం రాసుకుంటే, వెళ్ళిన చోట మనసు మెరుగ్గా నిలుస్తుందట. లెరోయ్ ప్రొఫెసరుగా ఉన్నది యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బాథెల్ క్యాంపస్‌లో. ఆ రోడ్డు మీదుగా ఎన్నిసార్లు కూరగాయలకు వెళ్ళానో!

అప్పటి నుంచి బల్ల మీద ఒక రూళ్ళ నోటుబుక్కు పెట్టుకున్నాను. అమ్మ ఫోన్ వచ్చినా, మేనేజర్ పిలిచినా, కుక్కర్ కూత వేసినా, లేచేముందు ఒక్క లైను తెలుగులో రాస్తాను. "జూన్ బిల్లుల వరుసలు సరిచూశాను. జులైవి రెండు తక్కువున్నాయి, ముందు అది తేల్చు." అంతే. తెలుగులో ఎందుకంటే ఆఫీసు నోట్స్ ఇంగ్లీషులో రాసేటప్పుడు చేయి దానంతటదే నటిస్తుంది. ఏదో పెద్ద పని జరుగుతున్నట్టు పెద్ద పెద్ద మాటలు పడతాయి. తెలుగులో నాకు నేను చెప్పుకునేటప్పుడు ఆ అవసరం లేదు. "ఇది నాకు అర్థం కాలేదు, రేపు అడుగు" అని కూడా రాశాను. దాన్ని పాదం అంటాను. మా ఆయన "పాదం అయిందా, అన్నానికి వస్తావా?" అని అడుగుతాడు ఇప్పుడు.

అసలు సర్వర్ విండోకి ఎర్రరంగు పెట్టాను. అది మొదటి రోజే చేయాల్సింది.

అమ్మ విషయంలో ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున ఏడున్నర లోపే నేనే ఫోన్ చేస్తాను, ఇరవై నిమిషాలు, ల్యాప్‌టాప్ మూసి. ఆ తర్వాత ఫోన్ మూగనోము పడుతుంది. కానీ ఒకే నంబరు నుంచి మూడు నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే మోగే ఏర్పాటు అందులో ఉంది. "ఆపద అయితే వాట్సాప్ కాదు, మామూలు ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే వెంటనే మళ్ళీ చెయ్యి," అని చెప్పి ఆమె నంబరుకు ఐఎస్‌డీ రీఛార్జ్ వేయించాను. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు రెండున్నర గంటల్లో... కాదు, దారి బాగుంటే నాలుగు గంటల్లో ఖమ్మం చేరతాడు. మందుల చీటీలన్నీ వాడి దగ్గరే ఉంటాయి. వాడిని ఆ పనికి ఒప్పించడం బిల్లింగ్ ప్రాజెక్టు కంటే కష్టమైంది, ఆ గొడవ ఇక్కడొద్దు.

ఇవేవీ పనిచేయని రోజులూ ఉన్నాయి. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం. హెచ్1బీకి లక్ష డాలర్ల రుసుము అన్న ప్రకటన మీద అధ్యక్షుడు సంతకం చేసిన రోజు. ఆదివారం నుంచి అమలు అన్నారు. బయట దేశాల్లో ఉన్నవాళ్ళు ఆలోగా వచ్చేయాలా, ఇక్కడున్నవాళ్ళు కదలకూడదా, ఎవరికీ తెలియదు. మా వీధిలో ఒక కుర్రాడు అక్క పెళ్ళికి విజయవాడ బయల్దేరి, ఎయిర్‌పోర్టు నుంచి పెట్టెలతో సహా వెనక్కి వచ్చేశాడు. గ్రూపుల్లో ఆగకుండా మెసేజ్‌లు. శనివారానికి, ఇది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు కాదని వివరణ వచ్చింది. ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. ఆడవాళ్ళందరం పార్కులో చప్పట్లు కొడుతూ తిరుగుతూనే ఉన్నాం, పాటకీ పాటకీ మధ్య మాత్రం లాయర్ల సంగతే.

ఆ వార్త తెలిసినప్పటి నుంచి ఆదివారం దాకా ఒక్క నిమిషం పని మీద మనసు పెట్టలేకపోయాను. పెట్టి ఉండాల్సిందని కూడా అనుకోను. సోమవారం పొద్దున కూర్చుంటే ప్రాజెక్టు గత జన్మలోదిలా ఉంది. నోటుబుక్కులో శుక్రవారం మూడు గంటలకు రాసిన లైను: "ఆగస్టు పట్టికలో తేదీలు ఇంగ్లండు పద్ధతిలో ఉన్నాయి, నెల ముందుకు తెచ్చే స్క్రిప్టు సగం రాశాను." శుక్రవారం మూడింటికి ఆ మనిషికి లక్ష డాలర్ల సంగతి తెలియదు. ఆమె మీద కొంచెం అసూయ వేసింది. స్క్రిప్టు మిగతా సగం రాశాను.

మా బిల్లులు పాత సిస్టం నుంచి కొత్తదానికి పూర్తిగా మారింది నవంబరు 8, శనివారం రాత్రి. గడియారాలు మార్చి వారం అయింది. మొత్తం ఏడు బ్యాచ్‌లు. మూడోది పూర్తయ్యేసరికి ఎనిమిదీ పది. ఎర్ర విండోలో నాలుగోది మొదలుపెట్టబోతుంటే ఫోన్ మోగింది. మోగిందంటే అది రెండో కాల్.

గుండె జారిపోయింది. ఎలా రాశానో తెలియదు కానీ, చేయి రాసింది: "3 అయింది. 4 మొదలుపెట్టేముందు వరుసలు లెక్కపెట్టు." ఫోన్ ఎత్తాను.

"ఏమైందమ్మా? నాన్న బాగున్నారా?"

"ఆ, పేపరు చదువుతున్నారు. మీ గడియారం మళ్ళీ మార్చారంట కదా, తమ్ముడు చెప్పాడు. ఇప్పుడు నీకు పొద్దునా, రాత్రా?"

"రాత్రి ఎనిమిదిన్నర కావస్తోంది. అమ్మా, ఆపద అయితేనే కదా రెండోసారి చేయమన్నాను!"

"మొదటిసారి చేస్తే నువ్వు ఎత్తలేదుగా," అంది అమ్మ.

తిన్నావా అంటే లేదన్నాను. తిని పని చేసుకోమని ఫోన్ పెట్టేసింది. నేను నోటుబుక్కు చూసి వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.