బజ్జీల బండి కాడ కోచ్ ఎంపిక

19 నవంబర్ 2025, బుధవారం

నిన్న ఢాకాలో ఫుట్‌బాల్‌లో మనోళ్లు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయారు. వాళ్ల చేతిలో ఓడటం 22 ఏళ్లలో ఇదే మొదటిసారి. పోయిన నెల సింగపూర్ మీద ఓడినప్పుడే 2027 ఆసియా కప్ ఆశ పోయింది. ఇక మిగిలింది పరువు, అదీ నిన్నటితో సరి.

ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. అందరూ ఈడెన్ గార్డెన్స్ క్రికెట్ పిచ్ మీదే పడ్డారు. సాయంత్రం బాలాజీ కాలనీలో బజ్జీల బండి కాడ మాత్రం తగువు గట్టిగానే రేగింది.

"ఖాలిద్ జమీల్‌ను తీసేయాల్సిందే మామా, ఫారిన్ కోచ్ కావాల" అంటాడు మా అక్క కొడుకు. ఆయన్ను మన జట్టు కోచ్‌గా పెట్టింది ఆగస్టులోనే కదరా అంటే వినడు. ఆ ఉద్యోగానికి గ్వార్డియోలా, జావి లాంటి పేరుమోసిన ఫారిన్ కోచ్‌లు దరఖాస్తు పెట్టారని జులైలో వార్తొస్తే నమ్మినోడు వీడు. అవి దొంగ దరఖాస్తులని తేలాక రెండు రోజులు మాకు మొహం చూపించలేదు.

"ఫారినోళ్లు ఏం పొడిచినారప్పా?" అన్నారు రిటైరైన పీఈటీ సారు. స్టిమాచ్ 1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం కొట్టిన క్రొయేషియా జట్టులో ఆడినోడు. మనకు కోచ్‌గా అయిదేళ్లున్నాడు. గువాహటిలో అఫ్గానిస్తాన్ మీద ఓడినాం. తర్వాతొచ్చిన మార్క్వెజ్‌కు గోవా క్లబ్బు ఒకటి, దేశం ఒకటి, రెండు పడవల మీద కాళ్లు.

ఇక సారు మన జట్టు పాత కోచ్ రహీం సాబ్ దగ్గరికి వచ్చేశారు. ఎప్పుడూ అక్కడికే వస్తారు. హైదరాబాద్ బడి పంతులు, 1951లోనూ 1962లోనూ ఏషియాడ్ బంగారం, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా ఫైనల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను తల మీద కుట్లతోనే ఫార్వర్డ్‌గా ఆడిస్తే తలతోనే గోల్ కొట్టాడని చెబుతూ, భుజం మీది తువ్వాలు తీసి తలకు కట్టుకుని చూపించారు. బండామె నవ్వు ఆపుకోలేక బజ్జీలు మాడ్చింది.

"రహీం కూడా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచే కదా సార్? ఆయనవీ రెండు పడవలే" అన్నాడు మావాడు. నిజమే, ఆ దెబ్బకు సారు నోరు మూతపడింది. కానీ ఆ పోలీస్ జట్టులో కొందరు దేశానికీ ఆడేవాళ్లు, ఏడాది పొడుగునా ఆయన కళ్ల ముందే ఉండేవాళ్లు. ఇప్పుడు కోచ్ చేతికి కుర్రాళ్లు మ్యాచ్‌కు ముందు కొద్ది రోజులే దొరుకుతారు. పైగా సెప్టెంబరులో మొదలవ్వాల్సిన క్లబ్బుల లీగ్ ఐఎస్ఎల్ నవంబరు సగం దాటినా మొదలు కాలేదు. ఆట లేని ఆటగాళ్లతో ఏ దేశపోడైనా ఏం చేస్తాడు? రిటైరైన పాత కెప్టెన్ ఛెత్రీని 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించుకున్నాం, గోల్ కొట్టే ఇంకొకడు లేక.

జమీల్‌నే ఉండనిచ్చి, ముందు లీగ్ సంగతి చూడమన్నాను నేను. 2017లో ఐజాల్ లాంటి చిన్న క్లబ్బుతో ఐ-లీగ్ గెలిచినాయనకు మూడు నెలలు చాలా?

"నువ్వూ ఫెడరేషన్ వాళ్ల మాదిరే మాట దాటేస్తా ఉండావు మామా" అని నా ప్లేట్లో ఆఖరి బజ్జీ లాక్కున్నాడు.