దగ్గరున్నదే గెలిచింది

సోమవారం, రజ మూడో రోజు.

ఒడిశా అంతా రజ పండగ. మా హైదరాబాద్ ఆఫీసు క్యాలెండర్‌లో ఆ పేరుతో పండగే లేదు. నిన్నంటే ఆదివారం కాబట్టి గడిచిపోయింది. ఇవాళ మాత్రం వీధిలో ఆడపిల్లలు వేపచెట్టుకు కట్టిన ఉయ్యాల ఊగుతుంటే, నేను పర్లాకిమిడిలో మా ఇంట్లోనే తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు పనికి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. భూదేవి విశ్రాంతి తీసుకునే రోజులని ఇక్కడి రైతులు నాగలి పట్టరు. "నాగలి పట్టకూడదు గానీ కీబోర్డు పట్టొచ్చా?" అని పక్కింటి మౌసీ అడిగింది, రజకి చేసే పిండివంట పొడొపిఠా పళ్లెం అమ్మ చేతికిస్తూ. ఆవిడ ఒడియాలో అడుగుతుంది, అమ్మ తెలుగులో జవాబు చెబుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరస.

పిఠా ముక్క నోట్లో పెట్టుకునేలోపే ఫోన్ మోగింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, ఇన్‌వాయిస్‌లు అప్‌లోడ్ అవ్వట్లేదు. శుక్రవారం వదిలిన బిల్డ్ నుంచే అంటున్నారు." బిల్డ్ అంటే కోడంతా కలిపి తయారుచేసిన ప్రోగ్రాం. దాన్ని శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేయకూడదని అందరికీ తెలుసు. అయినా అందరం చేస్తాం.

ప్రోగ్రాం తన తప్పులు రాసిపెట్టుకునే లాగ్ తెరిస్తే "నో సచ్ మెథడ్ ఎర్రర్". పిలిచిన మెథడ్, అంటే ఫంక్షన్, లేదట. గ్వావా అనే లైబ్రరీలో చెక్ ఆర్గ్యుమెంట్ అని ఓ చిన్న ఫంక్షన్ ఉంటుంది. అది లేకపోవడమేమిటి? ఎన్నేళ్ల నుంచో ఉన్నదే. "గ్వావా ఎందుకు పాతది వచ్చింది" అని పైకే అనేసినట్టున్నాను, వంటింట్లోంచి అమ్మ, "ఈ కాలంలో జామకాయలెక్కడివిరా?" అంది.

ఇది డిపెండెన్సీ గొడవే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మా పర్లాకిమిడి. ఇక్కడ ఉంటూ డిపెండెన్సీకి సంస్కృతంలో ఓ సమాసం అల్లితే ఊరు ఊరుకోదు. కాబట్టి డిపెండెన్సీ అనే రాస్తాను. మన ప్రోగ్రాం నడవడానికి కావలసిన, ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ అన్నమాట. జావాలో అది జార్ ఫైళ్లుగా వస్తుంది. ఒకప్పుడు ఆ జార్‌లను ఎవరికి వారే వెతికి తెచ్చి ఫోల్డర్‌లో వేసుకునేవారు. ఏ వెర్షన్ వేశారో వేసిన మనిషికే గుర్తుండేది కాదు. మేవెన్ అనే టూల్ వచ్చాక, పామ్ అనే ఫైల్‌లో ఫలానా గ్రూపు, ఫలానా పేరు, ఫలానా వెర్షన్ అని మూడు ముక్కలు రాస్తే చాలు. మేవెనే వాటిని మేవెన్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ గోదాం నుంచి తెచ్చి, మన మెషిన్‌లో ఎమ్‌టూ అనే ఫోల్డర్‌లో దాచిపెడుతుంది. తెచ్చినవాటికి ఇంకేం కావాలో చూసి వాటినీ తెస్తుంది, వాటికి కావలసినవాటినీ తెస్తుంది. పెళ్లికి ఒకరిని పిలిస్తే చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ దిగినట్టు. మా పామ్‌లో మేం రాసినవి 22. దిగినవి 180 పైమాటే.

సరే, ఎవరెవరు ఏ గ్వావాను వెంటబెట్టుకొచ్చారో చూద్దామని డిపెండెన్సీ ట్రీ కమాండ్ కొట్టాను. కొట్టానో లేదో కరెంటు పోయింది. ఫ్యాన్ ఇన్వర్టర్ మీద తిరుగుతోంది గానీ నెట్ లేదు. లాక్‌డౌన్‌లో మొదటిసారి ఇంటికొచ్చి పనిచేసినప్పుడైతే ఏడుపొచ్చేది. అప్పుడు ఎమ్‌టూ ఫోల్డర్ ఖాళీ, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒక్క బిల్డ్‌కి తెల్లవార్లూ డౌన్‌లోడ్. ఇప్పుడు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. కమాండ్‌లో ఆఫ్‌లైన్ అని చెబితే బయటికి వెళ్లకుండా ఉన్నదానితోనే పని కానిస్తుంది.

వదిలేసినవాటిని కూడా చూపించే వెర్బోస్ పెట్టి తీస్తే ట్రీ ఈ చివర నుంచి ఆ చివరికి పారింది. కళ్లు చిట్లించుకుని చదివితే మధ్యలో దొరికింది. గ్వావా 31 పక్కన "ఒమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ విత్ 19". అంటే 31 కావాలని ఒకరు, 19 కావాలని ఒకరు అడిగారు. మేవెన్ 19కి ఓటేసింది.

కొత్తది వదిలేసి పాతది ఎందుకు తీసుకుందంటే, దాని లెక్కే వేరు. ఏది కొత్తదో చూడదు, ఏది దగ్గరో చూస్తుంది. మన పామ్ నుంచి ఎన్ని మెట్లు దిగితే ఆ లైబ్రరీ తగులుతుందో లెక్కపెట్టి, తక్కువ మెట్లున్నదాన్ని ఉంచి మిగతావి వదిలేస్తుంది. రెండూ సమాన దూరంలో ఉంటే పామ్‌లో ముందు రాసినవాళ్ల మాట చెల్లుతుంది. మేవెన్ లాంటిదే ఇంకో టూల్ గ్రేడిల్ అయితే మామూలుగా పెద్ద వెర్షన్‌నే తీసుకుంటుంది. మొదట్లో నాకు మేవెన్ పద్ధతి మొండితనంలా అనిపించేది. ఇప్పుడూ అనిపిస్తుంది. కానీ మాకు పలాస కంటే పాతపట్నం దగ్గర కాబట్టి ఏ సరుకైనా పాతపట్నంలోనే కొనే అమ్మను నేనేమీ అనను కదా.

శుక్రవారం మధ్యాహ్నం వరకూ గ్వావా 31 ఒక్కటే ఉండేది, అప్‌లోడ్ చేసే లైబ్రరీ వెనకాల మూడు మెట్ల కింద. ఆ రోజు కుర్రాడు రిపోర్టుల కోసం మా ఆఫీసులోనే ఎవరో ఎప్పుడో రాసిన లైబ్రరీని పామ్‌లో చేర్చాడు. దాని వెనక రెండో మెట్టు మీదే గ్వావా 19. దగ్గరున్నది గెలిచింది. కంపైల్ అయిపోయింది, టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి, ఎందుకంటే అప్‌లోడ్‌కి మేం టెస్టే రాయలేదు.

"ఏటయింది, పొద్దున్నుంచీ గొణుక్కుంటున్నావు?" అన్నాడు నాన్న, కరెంటు లేక పేపరు పట్టుకుని నా గదిలోకొచ్చి. చెక్ ఆర్గ్యుమెంట్ అనే పేరు 19లోనూ ఉంది, 31లోనూ ఉంది, కానీ 20 నుంచి దానికి వేరే కొలతలతో కొత్త రూపాలు కూడా చేర్చారు, కొత్తదానితో కంపైలైన కోడ్ ఆ కొలతల కోసమే వెతుకుతుంది అని చెప్పాను. ముఖం చూస్తే ఎక్కలేదని తెలుస్తోంది. అప్పుడు నౌపడ గుర్తొచ్చింది. "మన చిన్న రైలు నౌపడ దాకా వెళ్లేది కదా, అక్కడి నుంచి మెయిన్ లైను మీదికి ఎక్కగలిగేదా?" అన్నాను.

నాన్న పేపరు మడిచేశాడు. ఇక నా ఎర్రర్ సంగతి ఎవరికి కావాలి! 1900లో రాజావారు వేయించిన లైను, రెండున్నర అడుగుల పట్టాలు, మెయిన్ లైనువేమో అయిదున్నర అడుగులు. నౌపడలో మనిషీ దిగాలి, మూటా దిగాలి, బండి మారాలి. రెండూ రైళ్లే, రెండూ పట్టాలే, ఒకదాని చక్రం ఇంకోదాని మీద నిలవదు. "అదే నాన్నా నా ఎర్రర్" అన్నాను. "మరి అలా చెప్పొచ్చు కదా" అని, చిన్న రైలు 2004లో ఆగిపోవడం దగ్గర మొదలుపెట్టి, బ్రాడ్‌గేజ్ పట్టాలు పడేదాకా బస్సుల్లో పడ్డ పాట్లన్నీ చెప్పాడు. మేవెన్ 1.0 వచ్చిందీ 2004లోనే, జులైలో. నాన్నకి చెబుదామనుకున్నాను గానీ మధ్యలో ఆపబుద్ధి కాలేదు.

మరమ్మతుకి పది నిమిషాలు కూడా పట్టలేదు. పామ్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ అనే చోట గ్వావా 31 అని రాస్తే, కింద ఎవరేమడిగినా అదే ఖాయం. పాత రిపోర్టుల లైబ్రరీ 31తో పేచీ పెడుతుందేమోనని నాలుగు రిపోర్టులు తీసి చూశాను, బాగానే వచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి కరెంటూ నెట్టూ వచ్చాక పంపించేశాను. అప్‌లోడ్‌కి ఓ టెస్టు కూడా రాశాను, సిగ్గుపడుతూ.

కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. "సారీ అన్నా, నా వల్లే." శుక్రవారం ఆ మార్పు చూసి అప్రూవ్ నొక్కింది నేనే. మూడే లైన్లు కదా అని ట్రీ తీసి చూడలేదు. ఆ మాటే చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే ఆ ట్రీ చదవడం నాకు నేర్పుతారా?" అన్నాడు. రేపు పదకొండింటికి కూర్చుందామన్నాను.

సాయంత్రం ఊరుకోకుండా మేవెన్‌కి కాపలాదారులాంటి ఎన్‌ఫోర్సర్ ప్లగిన్ కూడా పెట్టాను. ఎవరైనా అడిగిన వెర్షన్ కంటే తక్కువది వస్తే బిల్డ్‌నే ఆపేసే రూల్ ఒకటి ఉంది అందులో. పెట్టగానే బిల్డ్ ఎర్రబడింది. ఇలాంటివి ఇంకా నాలుగున్నాయట. ఇన్నాళ్లూ వాటి మీదే మా బండి నడుస్తోంది.

ల్యాప్‌టాప్ మూసి చూస్తే పొద్దుటి పిఠా ముక్కకి చీమలు పట్టాయి. దులిపి తినేశాను. వీధిలో ఉయ్యాల ఖాళీగా ఉంది.