ఊదా టోపీ పావురం: రంగుల్లోకి దిగాను

పెన్సిల్ పని అయిపోయింది. వేస్తున్నది సూపర్బ్ ఫ్రూట్ డవ్, మగది. న్యూగినీ, సాలమన్ దీవులు, ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వైపు వానాడవుల్లో పళ్ల మీదే బతికే చిన్న పావురం. నిండా 25 సెంటీమీటర్లు ఉండదు కాబట్టి ఏ4 సైజు, 300 జీఎస్ఎమ్ (మందం) కోల్డ్ ప్రెస్ కాగితం, అంటే కాస్త గరుకుగా ఉండే వాటర్ కలర్ కాగితం మీద అసలు కొలతల్లోనే గీశాను.

ముందు ఆకుపచ్చ. లెమన్ ఎల్లోలో థాలో బ్లూ అనే గాఢమైన నీలం బ్రష్ కొనకు అంటినంత చాలు, అంతకు మించితే పసుపును మింగేస్తుంది. అల్ట్రామెరీన్ నీలం కలిపితే పచ్చ మసకబారుతుంది, దాన్ని రెక్కల నీడలకు ఉంచాను. అందరూ ఊదా నెత్తినే చూస్తారు గానీ నాకు ఈ పిట్ట ప్రాణమంతా పచ్చలోనే ఉంది. ఇన్ని రంగులున్నా ఆకుల్లో కనపడకుండా కూర్చోగలిగేది దానివల్లే.

టెన్షన్ అంతా తల దగ్గర. నెత్తిన ఊదా, మెడ వెనక నారింజ, ఆ కిందే పచ్చ. తడి మీద తడి తగిలితే మూడూ కలిసి బురదే. అందుకే నారింజ వేసి, పూర్తిగా ఆరాకే ఊదా. బెంగళూరు జులై ముసురులో అది తొందరగా ఆరదు. అరచేతి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. హెయిర్ డ్రయ్యర్‌ను మూరెడు దూరంలో పట్టుకుంటున్నాను.

ఊదాకు క్వినాక్రిడోన్ మెజెంటా అనే ముదురు గులాబీ రంగు, అల్ట్రామెరీన్. ఓపెరా పింక్ మెరుస్తుంది, కానీ వెలుతురుకు వెలిసిపోతుంది. గోడకు పెట్టే బొమ్మకు వద్దు. రొమ్ము మీది నల్లటి నీలం పట్టీకి అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలిపాను, నలుపు ట్యూబ్ ముట్టలేదు. పొట్ట తెలుపు కాగితానిదే. కాళ్లకు మా బాల్కనీకి వచ్చే మామూలు పావురాలే మోడల్స్.

పక్కింటి అనంతపురం అక్క చూసి, "పావురానికి ఇన్ని రంగులా! పక్కన పొడిచిన పండొకటి పెట్టమ్మా" అంది.

"ఇది పొడుచుకు తినదక్కా, పండును పండుగానే మింగేస్తుంది. గింజ చెక్కుచెదరకుండా ఇంకో చోట పడి మొలుస్తుంది" అన్నాను. కొమ్మకు చిన్న పండ్ల గుత్తి గీశాను, అన్నీ నిండు పండ్లే.

తర్వాత ఆడపిట్ట. తల వెనక చిన్న నీలం మచ్చ తప్ప పైనంతా పచ్చే. లెమన్ ఎల్లో ఇంకో ట్యూబ్ కావాలి, ఆదివారం అవెన్యూ రోడ్డుకు వెళ్లాలి.