పునీతుల పండుగలు ఇంట్లో: పండుగకో పని, పిల్లల చేతులతో

కతోలిక కాలెండరు తెరిస్తే చాలా వారాల్లో రెండు మూడు పునీతుల (సెయింట్ల) స్మరణలు కనిపిస్తాయి. అన్నీ ఇంట్లో చేయాలని మొదలుపెడితే రెండు నెలల్లో ఓపిక అయిపోతుంది. ఏడాదికి ఐదారు చాలు. ముందు ఇంట్లోవాళ్లు ఎవరెవరి పేర్లు పెట్టుకున్నారో ఆ పునీతులు, తర్వాత మీ విచారణ (స్థానిక చర్చి) పాలక పునీతులు, ఇంకా వీలుంటే పిల్లలు అడిగినవాళ్లు. ఒక్కో పండుగకు ఒక్క పనే పెట్టుకోండి, అది ఆ పునీతుల జీవితంలోంచి వచ్చిన పనై ఉండాలి. రంగులు వేయమని బొమ్మ ఇచ్చి కూర్చోబెడితే ఎవరి పండుగైనా ఒకేలా గడిచిపోతుంది, వారం తిరిగేసరికి పేరు కూడా గుర్తుండదు.

మొదటి తికమక పేర్ల దగ్గరే. ఫ్రాన్సిస్ అంటే అక్టోబర్ 4న వచ్చే అస్సీసి ఫ్రాన్సిస్ కావచ్చు, డిసెంబర్ 3న వచ్చే ఫ్రాన్సిస్ శౌరి కావచ్చు, జనవరి 24న వచ్చే ఫ్రాన్సిస్ సాలెసు కూడా కావచ్చు. తెరేజా అంటే చిన్న తెరేజమ్మకు అక్టోబర్ 1, అవిలాపురి తెరేజమ్మకు అక్టోబర్ 15, మదర్ తెరెసాకు సెప్టెంబర్ 5. జ్ఞానస్నానం (బాప్తిస్మం) నాడు ఎవరిని తలచుకుని పేరు పెట్టారో పెద్దల్ని అడగండి. ఎవరికీ గుర్తులేకపోతే పిల్లలతో కలిసి ఒకరిని ఎంచుకుని, ఇక ఆ తేదీ మార్చకండి. ఏడాదికో తేదీ అయితే అది ఆ బిడ్డ రోజుగా నిలవదు.

తర్వాత పిల్లలు అడిగేది: "చనిపోయిన రోజున పండుగేంటి?" దాటవేయాల్సిన ప్రశ్న కాదిది. పునీతులు పరలోకంలో పుట్టిన రోజు అదేనని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, మొదటి శతాబ్దాల నుంచీ భావిస్తోంది, అందుకే చాలా పండుగలు మరణదినాన వస్తాయి. ఈ భూమ్మీద పుట్టిన రోజును కూడా పండుగ చేసేది క్రీస్తు ప్రభువుకు, మరియమాతకు, స్నాపక యోహానుకు మాత్రమే. చిన్న తెరేజమ్మ 1897 సెప్టెంబర్ 30న, 24 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆ తేదీ అప్పటికే పునీత జెరోముది, పండుగ మర్నాటికి వచ్చింది.

ఆమె పండుగకు పూసల దారం చేయించండి. తెరేజమ్మ చిన్నతనంలో, దేవుని కోసం చేసిన ఒక్కో చిన్న త్యాగానికి ఒక్కో పూస జరిపి లెక్కపెట్టుకునేవారు. 10 పూసలు, 60 సెంటీమీటర్ల నూలు తాడు, ఒక చిన్న సిలువ కావాలి. తాడును సగానికి మడిచి మడత దగ్గర సిలువ కట్టండి. ప్రతి పూసలోకీ ఒక కొసను ఎడమ నుంచి, రెండో కొసను కుడి నుంచి దూర్చి రెండూ లాగాలి. అలా ఎదురెదురుగా వెళ్తేనే పూస జరిపిన చోట ఆగుతుంది. రెండు కొసలూ ఒకే వైపు నుంచి దూర్చితే అన్నీ జారి కిందికి చేరతాయి. నైలాన్ తాడైనా, రంధ్రం వదులైనా అదే గతి. 1 మిల్లీమీటరు తాడుకు 2 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. మూడేళ్లలోపు పిల్లలకు పూసలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. ఎవరి దారం వాళ్ల జేబులోనే ఉండనివ్వండి. రాత్రి భోజనాల దగ్గర "నీవెన్ని, నావెన్ని" మొదలైతే అది తెరేజమ్మ చూపిన మార్గం కాదు.

నవంబర్ 11, టూర్స్ పునీత మార్టిన్. రోమా సైన్యంలో ఉన్న రోజుల్లో, ఇంకా జ్ఞానస్నానం పొందకముందే, ఆమియన్ నగర ద్వారం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో కోసి సగం ఇచ్చారు. ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగం ముక్కనే కప్పుకుని కనిపించారు. కథలో "సగం" అన్నమాట పోనివ్వకండి. ఈ పండుగకు పాత నూలు దుప్పటి ముక్క, సుమారు ఒక మీటరుది, సిద్ధం చేసుకోండి. అంచు మధ్యలో కత్తెరతో 3 సెంటీమీటర్లు గాటు పెట్టి, చెరో వైపు ఇద్దరు పిల్లల చేతికివ్వండి. లాగగానే పోగు వెంబడి పర్రుమని నిలువునా చీలిపోతుంది, గాలిలోకి సన్నటి నూలు దుమ్ము లేస్తుంది. ఆ చప్పుడుకు గది మొత్తం ఒక్క క్షణం ఆగుతుంది, కథ చెప్పాల్సింది అప్పుడే. బనియన్ బట్ట సాగుతుంది గానీ చీలదు, పాలిస్టరు చాలాసార్లు వంకరగా పోతుంది. తర్వాత పిల్లలు తమ బట్టల్లోంచి ఒకటి తీసి ఇవ్వాలి. చిరిగినదీ పొట్టిదీ కాదు, ఇంకా వేసుకుంటున్నదే.

వేదసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల, పండుగలు వచ్చినప్పుడు చాలామంది తల్లిదండ్రులు తడబడతారు. ఐదేళ్లలోపు వాళ్లకు "యేసును వదలనన్నారు, అందుకు చంపేశారు" అన్న ఒక్క మాట చాలు. ఎలా చంపారో వివరించక్కర్లేదు, అబద్ధమూ చెప్పక్కర్లేదు. ఆగస్టు 10న వచ్చే పునీత లారెన్సు రోమాపురిలో డీకను (గురువు కన్నా కింది స్థాయి సేవకుడు), 258లో ప్రాణమిచ్చారు. శ్రీసభ సంపద అప్పగించమంటే పేదలను తీసుకొచ్చి నిలబెట్టి "ఇదే మా సంపద" అన్నారని సంప్రదాయం చెబుతుంది. చిన్నపిల్లలకు ఈ భాగం పట్టుకోండి. ఒక పెట్టె మీద "సంపద" అని రాసి, మనం సాయం చేయగల మనుషుల పేర్లు చీటీల మీద రాయించి అందులో వేయించండి. సంప్రదాయంగా వచ్చినదాన్ని "అంటారు" అనే చెప్పండి. పెద్దయ్యాక పిల్లలు ఏది చరిత్రో ఏది గాథో వెతుక్కున్నప్పుడు మీ మాట మీద నమ్మకం పోకూడదు.

మార్చి 19, పునీత జోజప్పగారి (మరియమాత భర్త యోసేపు) మహోత్సవం దాదాపు ఎప్పుడూ తపస్సు కాలంలోనే, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజుల్లోనే, వస్తుంది. అయినా మహోత్సవమే, అంటే పండుగల్లో అన్నిటికన్నా పెద్ద స్థాయిది, కాబట్టి మొహమాటం లేకుండా చేసుకోవచ్చు. శుక్రవారం పడితే ఆ రోజు మాంసం మానాలన్న నియమం వర్తించదు, 2027లో అలాగే పడుతోంది. ఆదివారం పడితే సాధారణంగా పండుగ సోమవారానికి జరుగుతుంది, 2023లో మార్చి 20న చేశారు. మామూలు స్మరణలు అలా జరగవు. ఆదివారం పడితే ఆ ఏడు పూజలో ఆ స్మరణ ఉండదు. ఇంట్లో మాత్రం సాయంత్ర ప్రార్థనలో ఆ పునీతుల పేరు తలచుకుని, అనుకున్న పని కానివ్వచ్చు.