నాలుగో వారం కోపం

గ్రూప్ కౌన్సెలింగ్ నడపడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్న గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకపోతే అది నా చేతగానితనమేనని అనిపించి, వెంటనే ఏదో ఒక ప్రశ్న వేసేదాన్ని. దాంతో సభ్యులు వంతులవారీగా నాకే జవాబు చెప్పి ఊరుకునేవారు. అది గ్రూపు కాదు, ఒకే గదిలో జరుగుతున్న ఎనిమిది విడివిడి కౌన్సెలింగులు.

ఆరంభంలో థెరపిస్టు చొరవ అవసరమే. ఇక్కడ విన్నది బయటికి పోకూడదని, చెప్పకుండా గ్రూపుకు రావడం మానేయకూడదని స్పష్టం చేసే బాధ్యత మనదే. అయితే తొలి వారాల్లో సభ్యులు ఒకరిపట్ల ఒకరు చూపే మర్యాద ఎంతోకాలం నిలవదు. చిన్న గ్రూపులపై అప్పటికి వెలువడిన అధ్యయనాలను సమీక్షించిన అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో కూడిక, ఘర్షణ, కట్టుబాట్లు కుదరడం, పని అనే నాలుగు దశలను ప్రతిపాదించి, 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోవడాన్ని ఐదో దశగా చేర్చారు. ఇవి వరుసగా దాటిపోయే మైలురాళ్లని మాత్రం నేను అనుకోను. కొత్తవారు ఒక్కరు చేరినా గ్రూపు వెనక్కి నడుస్తుంది.

నన్ను తడబడేలా చేసింది రెండో దశ, ఘర్షణ. (వివరాలు మార్చి రాస్తున్నాను.) నాలుగో వారం ఒకాయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకొని, "మేడమ్, మేమంతా మా గోడు వెళ్లబోసుకుంటున్నాం, మీరు మాత్రం చూస్తూ కూర్చుంటున్నారు" అన్నారు. నేను నా పద్ధతి ఏమిటో ఐదు నిమిషాలు వివరించాను. అందరూ మర్యాదగా తలూపారు. మరుసటి వారం ఇద్దరు రాలేదు. నా పనిని పర్యవేక్షించే సీనియర్ అంతా విని, "ఆ కోపం ఆయనొక్కడిదేనా? మిగతావాళ్లను అడిగావా?" అన్నారు.

తర్వాత మరో గ్రూపులో అలాంటి మాటే వచ్చినప్పుడు, "ఇంకెవరికైనా ఇలా అనిపించిందా?" అని మాత్రం అడిగి ఊరుకున్నాను. చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఒకామె చివరికి, "నాకూ అనిపించింది, చెబితే మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు" అన్నారు. మొదట మాట్లాడినాయన నావైపు కాక ఆమెవైపు తిరిగి, "ఇంట్లో కూడా ఇలాగే దాచుకుంటారా?" అని అడిగారు. అమెరికన్ సైకియాట్రిస్టు ఇర్విన్ యాలమ్ గ్రూపు థెరపీలో 'ఇక్కడ, ఇప్పుడు' జరుగుతున్నదానికే ఎందుకంత ప్రాధాన్యమిచ్చారో నాకు ఆ రోజే అర్థమైంది.

ఊరుకోవడమంటే వదిలేయడం కాదు. నాపై రావలసిన కోపం ఒక్కోసారి అందరిలోకీ నోరులేని సభ్యుడి మీదికి మళ్లుతుంది; అప్పుడు అతను బలిపశువు కాకముందే నేను అడ్డుపడి, ఆ కోపాన్ని నావైపు తిప్పుకోవాలి. ముగింపు దగ్గరపడ్డాక పని మరోలా ఉంటుంది: హాస్యాలు, ఆలస్యాలు పెరుగుతాయి, వీడ్కోలు ఊసు ఎవరూ ఎత్తరు. ఇంకా రెండే సెషన్లు మిగిలాయని నేనే గుర్తు చేస్తాను, ఆ మాట అనడం నాకూ ఇష్టం ఉండదు.