లప్పం, పేక ముక్కలు, పాత లెక్సస్

"అమ్మా, లప్పం అయిపోయింది!" అని మొన్న శనివారం గరాజ్‌లోంచి కేక. మిషిగన్‌లో పుట్టి పెరిగిన పిల్ల, పదహారేళ్ళది, గుత్తివంకాయని ఇప్పటికీ "ఆ పర్పుల్ కూర" అంటుంది, దాని నోట్లోంచి కారు గుంటలు పూడ్చే లప్పం అన్న మాట. పొయ్యి మీద పాలు పెట్టుకుని నిలబడ్డదాన్ని ఒక్క క్షణం విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నానా అనుకున్నాను. పాలు పొంగిపోయాయి.

మొదట్నుంచీ చెప్తాను. ఇక్కడ పదహారు నిండితే ఒంటరిగా నడుపుకునే లెవల్ టూ లైసెన్స్ ఇస్తారు, దానికి ముందు పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. పక్కన కూర్చున్నది నేనే, నా బీపీ సంగతి వేరే కథ. లైసెన్స్ వచ్చాక కారు ఏది అన్న మాట వచ్చింది. మావారు చిన్నది ఒకటి కొత్తది కొనేద్దాం అన్నారు. ఇది మాత్రం గరాజ్‌లో మూలన పడి ఉన్న మా పాత లెక్సస్సే కావాలని పట్టుబట్టింది.

అది 2004 ఎల్‌ఎస్ 430. 1989లో లెక్సస్ అమెరికాలో అడుగుపెట్టినప్పుడు తెచ్చిన పెద్ద కారు ఎల్‌ఎస్ 400, మాది దాని మూడో తరం, జపాన్‌లో తహారా ఫ్యాక్టరీలో తయారైంది. 2010లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నిజం చెప్పాలంటే గొప్పకే కొన్నాం. అప్పట్లో మనవాళ్ళ పార్టీలకి వెళ్తే లోపలికి రాకముందే కారు చూసి జీతం లెక్కకట్టేసేవాళ్ళు. ఇప్పుడు ఇంజిన్ నిక్షేపంలా ఉంది, పైన చూస్తేనే ఏడుపొస్తుంది. ముదురు నీలం బానెట్ బూడిద చల్లినట్టు వెలిసిపోయింది, హెడ్‌లైట్లు కామెర్లు వచ్చిన కళ్ళలా ఉన్నాయి, చక్రాల మీద పెయింట్ కింద తెల్లగా పొక్కులు. బందరు వైపు సముద్రపు గాలికి తుప్పు పడుతుందంటారు కదా, ఇక్కడ సముద్రం లేకపోయినా చలికాలం అంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది, ఆ ఉప్పంతా మా కారుకే పోసినట్టుంది. ఒక షాపువాడికి చూపిస్తే చక్రాలు, పైభాగం అన్నీ కలిపి నాలుగు వేల డాలర్లు దాటుతుందన్నాడు. కారు అమ్మితే అంత రాదు.

"మనమే చేద్దాం, తాతయ్యని అడుగుదాం" అంది.

మా నాన్నకి ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్ ఉండేది. అంబాసిడర్లు, లారీ క్యాబిన్లు. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్ళేదాన్ని కానీ గుమ్మం దాటనిచ్చేవారు కాదు, ఆడపిల్లకి అక్కడేం పని అని. థిన్నర్ వాసన మాత్రం అన్నం కంచం దాకా వచ్చేది. నన్ను చదివించిందే ఆ వాసన నాకు అంటకూడదని. ఇప్పుడు మనవరాలు ఫోన్‌లో "తాతయ్యా, కారు పెయింట్ ఎలా చేస్తారు?" అనేసరికి ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అమ్మ ఏదీ, ఏం వేషాలివి" అని నా మీద ఎగిరారు. మా అత్తగారు సరేసరి. "పనివాళ్ళు దొరకరా అక్కడ? పిల్ల చేతులు పాడైపోవూ?"

అప్పటిదాకా మా ఇంట్లో తెలుగు అంటే ఆర్డర్లే. తిను, పడుకో, చదువు, ఫోన్ పక్కన పెట్టు. తాతయ్యతో వీడియో కాల్ అయితే మరీ దారుణం, తిన్నావా, తిన్నాను, చలిగా ఉందా, ఉంది, సరే అమ్మకివ్వు. రెండు నిమిషాలు. నాలుగేళ్ళు ఆదివారం తెలుగు క్లాసుకి తిప్పాను, గుణింతాలు వచ్చాయి, మాటలు రాలేదు. ఇక ఈ మే నెలలో మొదలైంది చూడండి: రుద్దు, గీకు, తుడువు, మెల్లగా, నొక్కకు, ఇంకా ఆరలేదు, అంచు వదిలెయ్.

మొదటి వారం కడగడమే. కడిగి ఆరబెట్టాక చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద నిమిరింది, ఎక్కడో వీడియోలో చూసిందట, సంచి ఉంటే చిన్న గరుకు కూడా వేళ్ళకి తెలుస్తుందని. ఫోన్‌లోంచి నాన్న నవ్వారు. "మేం కళ్ళు మూసుకుని నిమిరేవాళ్ళం తల్లీ. కన్ను మోసం చేస్తుంది, అరచెయ్యి చెయ్యదు." వెంటనే ఇది కళ్ళు మూసుకుని నిమరడం మొదలుపెట్టింది. తర్వాత ఆ గరుకుని లాగేసే క్లే ముద్ద, సబ్బునీళ్ళు చల్లుకుంటూ రుద్దాలి. చపాతీ పిండిలా ఉంటుంది, రెండు నిమిషాలకే నల్లబడుతుంది, మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి, కింద పడిందా ఇక పారేయాల్సిందే, ఇసుక అంటుకుంటే అదే గీతలు పెడుతుంది.

రెండో వారం నా నిర్వాకం. డిక్కీ అంచున లోతు గీతలున్నాయి, పద్నాలుగేళ్ళుగా ఇండియా వెళ్ళినప్పుడల్లా 23 కేజీల సూట్‌కేసులు ఈడ్చిన గుర్తులు. నాన్న వాటర్ పేపర్, అంటే గరుకు కాగితం, తడిపి రుద్దమన్నారు, బాగా సన్నటిది, 2000 నంబరు. రుద్దుతున్నాను. నీళ్ళు పాలలా తెల్లగా వస్తున్నాయి. "అమ్మా చాలు, అంచుల్లో క్లియర్ కోట్ పల్చగా ఉంటుంది" అంది ఇది. ఫోన్‌లోంచి నాన్న "గీత పోయేదాకా రుద్దమ్మా, గుడ్డకి రంగు అంటాల్సిందే" అన్నారు. నేను నాన్న మాట విన్నాను. ఇంకో పది సార్లు రుద్దానో లేదో నీళ్ళు నీలంగా వచ్చాయి. తుడిచి చూస్తే రూపాయి బిళ్ళంత మచ్చ, చుట్టూ మెరుపు, మధ్యలో చచ్చిన రంగు.

"నేను చెప్పాను కదా!" అని ఇంగ్లీషులో నాలుగు అరిచి, గ్లౌజులు విసిరికొట్టి పైకి వెళ్ళిపోయింది.

తప్పు నాన్నది కాదు. ఆయన కాలంలో డ్యూకో అనే పాతరకం పెయింట్, రంగే పై పొర, గుడ్డకి రంగు అంటితేనే పాలిష్ పడుతున్నట్టు. ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ ఉంటుంది, సుమారు 40, 50 మైక్రాన్లు, వెంట్రుకంత మందం కూడా ఉండదు, రంగు బయటికొచ్చిందంటే ఆ పొర పోయినట్టే. ఇదంతా పిల్లకి తెలుసు, వారం రోజులుగా చదువుతోంది. దానికి తెలుసన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, అంతే. పైకి వెళ్ళి సారీ అన్నాను. ఆ మాటకి తెలుగులో మన ఇళ్ళల్లో వాడుకే లేదు, "క్షమించు" అంటే నాటకంలా ఉంటుంది.

గంట తర్వాత తనే కిందికొచ్చి ఫోన్ తీసుకుంది. "తాతయ్యా, రంగు మీద ఇంకో పెయింట్ ఉంటుంది. నీళ్ళలాగా. కనిపించదు."

"కనిపించని పెయింటుకి డబ్బులెవరిస్తారే?"

పావుగంట వాదించుకున్నారు. నేను మధ్యలో వెళ్ళలేదు, దానికి ఎండ అన్న మాట దొరక్క "సూర్యుడు వేడి వచ్చి పెయింట్ తింటాడు" అని చెప్తుంటే కూడా నోరు మూసుకునే ఉన్నాను. ఆ మచ్చ అలాగే ఉంది, చిన్న బ్రష్‌తో సరిచేస్తానంటే వద్దంటోంది.

హెడ్‌లైట్లు తేలిక. 1000, 2000, 3000 పేపర్లతో వరసగా తడిరుద్దుడు, ఆపైన యూవీని ఆపే క్లియర్ స్ప్రే, అది కొట్టకపోతే కొన్ని నెలల్లో మళ్ళీ కామెర్లే.

అసలు పని చక్రాలది. జాకీ ఒక్కటే నమ్మకుండా కింద స్టాండ్ పెట్టి ఒక్కోటే విప్పాం. మొదటిది ఊడితే కదా, తుప్పుకి హబ్‌కి అతుక్కుపోయింది. నట్లు పూర్తిగా తీయకుండా రెండు చుట్లు ఉంచి, కింద కూర్చుని టైరుని మడమలతో తన్నింది మా అమ్మాయి, ఎనిమిదో తన్నుకి ధన్ మని ఊడొచ్చింది, పక్కింటాయన బయటికొచ్చి చూశాడు. ఇనుప పొడిని లాగే మందు కొడితే నిమిషాల్లో చక్రం అంతా ఊదారంగు, బ్రేకుల నుంచి రాలిన పొడి కరిగి కారిపోతుంది. వాసన మాత్రం కుళ్ళిన కోడిగుడ్డు. శనివారం పూట కోడిగుడ్డు ముట్టని మావారు ఆ రోజంతా గరాజ్ వైపు రాలేదు.

పొక్కులున్న చోట లోహం కనపడేదాకా గీకాలి, ఫుట్‌పాత్‌కి రాసుకుని ఏర్పడ్డ గుంటల్లో లప్పం పెట్టాలి. ఇక్కడ దాన్ని వేరే పేరుతో ట్యూబులో అమ్ముతారు, ఇది ఆ పేరు చెప్తే తాతయ్యకి అర్థం కాలేదు, ఆయన లప్పం అంటే దీనికి అర్థం కాలేదు, ట్యూబు కెమెరాకి చూపించాక ఇద్దరూ లప్పం దగ్గర సెటిలయ్యారు. స్ప్రే టైరు మీద పడకుండా రిమ్ముకీ టైరుకీ మధ్య పేక ముక్కలు చుట్టూ దోపాం, 17 అంగుళాల చక్రానికి సగం కట్టకు పైనే పట్టింది. మావారి రమ్మీ కట్ట. ఆటీన్ రాజు మీద ఇప్పుడు వెండి రంగు ఉంది, ఆయనకింకా తెలియదు.

మూడు చక్రాలయ్యాయి, బిగించాం, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో 76 ఫుట్ పౌండ్లకి, 50 మైళ్ళు తిరిగాక మళ్ళీ చూడాలి. నాలుగో చక్రానికే లప్పం అయిపోయింది, వెళ్ళి తెచ్చాను. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి నేను పైన బట్టలు మడతపెడుతుంటే కింద గరాజ్‌లోంచి మాటలు వినిపించాయి. అక్కడ పొద్దున్న ఏడు, నాన్న కాఫీ టైము. నన్ను పిలవకుండా అదే ఫోన్ చేసుకుంది.

"తాతయ్యా, లప్పం ఆరిందా లేదా ఎలా తెలుస్తుంది?"

"గోరుతో గీకి చూడు. మెత్తగా అంటుకుంటే ఆగు."

"పొడి వచ్చింది."

"అయితే 320 పేపర్ తీసుకో. ఏదీ, ఫోన్ కాస్త కిందకి పెట్టు, నీ చెయ్యి కనపడట్లేదు."